పుర్రచెయ్యి బొంత

మీ కాల్ మాకు చాలా ముఖ్యం, దయచేసి లైన్లో ఉండండి, అని ఆ గొంతు మళ్ళీ అంది. అంత ముఖ్యమైతే ఎత్తి మాట్లాడొచ్చు కదమ్మా తల్లీ, అనుకుంది చిన్నకోడలు, ముఖ్యం కాని వాళ్ళందరితో ముచ్చట్లు అయ్యాక నా దగ్గరికొస్తావు కాబోలు. గొంతు ఆగింది, వేణువు మొదలైంది, అదే వేణువు, చివరిదాకా వెళ్ళకుండానే తెగి మళ్ళీ మొదటికొచ్చే అదే పాట, వాయించినవాడికి ఊపిరి చాలలేదో, ఇచ్చిన డబ్బులు చాలలేదో. ఫోన్ దారపుండల డబ్బాకి ఆనించి స్పీకర్లో పెట్టింది. కిటికీలోంచి పడే ఎండ కత్తిరింపుల బల్ల మీద సగం దాకా పాకింది. పక్కగదిలో తోటికోడలు కోపమంతా కత్తెర మీద చూపిస్తూ గుడ్డ కోస్తోంది, కరకరమని. ఒళ్ళో పార్సిల్. పొద్దున పార్సిల్ మనిషి గుమ్మంలో నిలబడి, రిటర్నండీ అని చావుకబురు చల్లగా చెప్పినట్టు చెప్పి పోయాడు. ఓ మూల చింపి తొంగిచూసింది, అంతే, పుల్లటి పాలవాసన, మూసిన బీరువా వాసన గుప్పున కొట్టాయి, ఇక చేతులు రాలేదు. చూడ్డానికేముంది, ఫోటో చూసింది కదా, లోకమంతా చూసింది కదా, తాము అమ్మిన పడవల బొంత మీద గోధుమరంగు మరక, దాని పక్కన రేటింగులో అయిదు చుక్కలకి ఒకే ఒక్క చుక్క. ఈ సాయంత్రంలోగా ఆ ఫిర్యాదు తప్పని తేల్చకపోతే యాప్‌లో వాళ్ళ కొట్టు మూసేస్తారట. తాళం వెయ్యరు, బోర్డు పీకరు, ఎక్కడో కూర్చుని వేలితో ఓ మీట నొక్కుతారు, అంతే, ఇన్నేళ్ళ కొట్టు లేనట్టే.

వాడేసిన పాత బొంత పంపారు, మరకలు, వాసన, పసిపిల్లల వస్తువుల్లోనూ మోసమేనా, ఈ పుర్రచెయ్యి వాళ్ళ దగ్గర ఎవరూ కొనకండి. చదివీ చదివీ కంఠతా వచ్చేసింది. మోసం అన్నందుకు మండింది, సరే, మనిషన్నాక మాట పడక తప్పదు, కానీ ఆ చివరి మాట ఉందే, ఈ పుర్రచెయ్యి వాళ్ళు అన్న మాట, అది ముల్లులా దిగింది. కొట్టు పేరు పుర్రచెయ్యి బొంతలు. పెట్టింది అత్తయ్య. చిన్నప్పుడు బళ్ళో పంతులు స్కేలుతో ఆ ఎడమచేతి వేళ్ళ మీదే కొట్టేవాడట, ఇంట్లో అమ్మేమో చేతిని నడుముకి గుడ్డపీలికతో కట్టేసేదట, అయినా ఆ చెయ్యి మాట వినలేదు, ఆ చేత్తోనే రాసింది, ఆ చేత్తోనే కుట్టింది, వీధి వీధంతా పుర్రచెయ్యిదానా అని పిలిచినా ఆ చేత్తోనే ఇద్దరు మగపిల్లల్ని పెంచింది. కొట్టు పెడదామన్న రోజు అక్క, అదే పెద్దకోడలు, ఎంతో ముచ్చటపడి మెత్తని మబ్బులు, పాలబుగ్గలు, ఇంకా ఏవేవో పేర్లు చెప్పింది. అత్తయ్య పళ్ళతో దారం కొరికి, "ఎన్నేళ్ళు తిట్టారో ఆ మాటే పెట్టండే, ఇప్పుడు డబ్బులిచ్చి మరీ పిలుస్తారు," అంది. నిజంగానే పిలిచారు. పుర్రచెయ్యి వాళ్ళ బొంత మెత్తగా ఉంది, పుర్రచెయ్యి వాళ్ళ బొంత ఉతికినా రంగు పోలేదు, మా చంటిది పుర్రచెయ్యి లేకపోతే పడుకోవట్లేదు. అత్తయ్య అద్దాలు పెట్టుకుని అవన్నీ పైకి చదివించుకునేది, చదివేది చిన్నకోడలే, మళ్ళీ చదవవే కుడిచెయ్యీ అనేది. తనని అలాగే పిలిచేది మరి, కుడిచెయ్యీ అని. కోడలా అని ఒక్కనాడూ పిలిచిన పాపాన పోలేదు.

మీ కాల్ మాకు చాలా ముఖ్యం. అవునమ్మా, తెలిసింది. వదిలేద్దాం అన్నాడు ఆయన పొద్దున చెప్పులు వేసుకుంటూ, డబ్బులు వెనక్కిచ్చేసి నోరు మూసుకుందాం, నలుగురూ చూస్తున్నారు, నిప్పు లేనిదే పొగ రాదంటారు. నిప్పా, ఎక్కడుంది నిప్పు, ఆయన మంచివాడే, కానీ గొడవంటే గోడ పక్కకి నడిచే మనిషి, తల్లి పోలిక ఒక్కటీ రాలేదు. అక్క మాత్రం భగ్గుమంది. "ఇవాళ దానికి డబ్బులిచ్చావంటే రేపు దాని చెల్లెలొస్తుంది, ఎల్లుండి దాని ఆడపడుచొస్తుంది," అంది కత్తెర ఆడిస్తూ, ఆ కొన్నావిడకి ఒంటిచుక్క అని పేరు కూడా పెట్టేసింది. అక్క అన్నదాంట్లో తప్పేముంది, చూడలేదా ఇన్నేళ్ళలో, బొంత మీద పిల్లాణ్ణి పడుకోబెట్టి ఫోటోలు తీయించుకుని, పౌడరు మరకలతో సహా, నచ్చలేదు అని వెనక్కి పంపిన మహాతల్లిని చూశారు. పార్సిల్ మనిషి బెల్లు కొట్టలేదని బొంతకి ఒక చుక్క ఇచ్చినవాణ్ణి చూశారు. బొంత చాలా బాగుంది కానీ మా బాబు రాత్రిళ్ళు నిద్రపోవట్లేదు, రెండు చుక్కలు, అని రాసినావిడనీ చూశారు, ఆ రోజు అత్తయ్య నవ్వీ నవ్వీ పొలమారి, "వాళ్ళాయన కూడా నిద్రపోనివ్వట్లేదేమో, ఇంకో చుక్క తగ్గించమను," అంది, చెంబెడు నీళ్ళు తాగితే గాని తేరుకోలేదు. అత్తయ్య ఉంటే ఒంటిచుక్కని కూడా నవ్వుతోనే కొట్టేసేది. ఉంటే. ఈ ఉంటే అన్న మాటకి అంతెక్కడ. ప్యాక్ చేసే ముందు తీసిన ఫోటో పంపింది యాప్ వాళ్ళకి, తెల్లగా, కొత్తగా, మడత విప్పి తీసిన ఫోటో. మీ దగ్గర పడవల బొంతలన్నీ ఒకేలా ఉంటాయి కదా మేడమ్, ఇది అదేనని ఏంటి నమ్మకం, అని జవాబు రాశారు. నిజమే, ఏంటి నమ్మకం, ఆ మాటకి జవాబు లేకే కదా ఇప్పుడు ఈ వేణువు వింటూ కూర్చుంది, బతిమాలుకోవడానికి తప్ప చేతిలో ఏముంది.

అన్నీ ఒకేలా ఎందుకుంటాయి, ఉండవు. అచ్చు ఒకటే గాని చేతులు వేరు. పడవలన్నీ అత్తయ్య గీసిన అట్టముక్క పెట్టి కోసినవే, కింద ఓ దొన్నె, పైన మూడుమూలల తెరచాప, తెరచాపలకి ఇంట్లో ఉన్న పాత గుడ్డ ఏదైతే అది. బల్లకి ఎదురెదురుగా కూర్చుని ఒకే బొంతకి చెరో అంచు పట్టుకుని కుట్టేవాళ్ళు, తను కుడి నుంచి, అత్తయ్య ఎడమ నుంచి, సూదులు మధ్యలో ఎదురుపడేవి. "తప్పుకోవే, పెద్దవాళ్ళొస్తున్నారు," అనేది అత్తయ్య. అంచు కుట్టు తెచ్చుకోవడానికి తనకెంత కాలం పట్టిందో, గోరుతో గీరి చూసేది అత్తయ్య, కుట్టు కళ్ళతో చూడకే, వేలితో చూడు, పిల్ల చెంపకి కళ్ళుంటాయా, చెంపకి తెలిసేది వేలికే తెలుస్తుంది. ఆ తర్వాత ఆ చెయ్యి వణికింది. ఆ తర్వాత ఆస్పత్రి మంచం మీద దుప్పటి అంచుని కుట్టినట్టే నిమిరింది. పోయి రెండేళ్ళు దాటింది. పోయాక ఇల్లంతా వెతికారు, అక్కా తనూ, ఆ చేతి కుట్టు ఒక్కటైనా ఉందేమోనని, బీరువాలు, అటకలు, పెట్టెలు. లేదు. ఒక్కటీ లేదు. దాచుకోనిచ్చేదా ఆ మనిషి, బీరువాలో ఉంటే అది బొంత కాదు గుడ్డ, పిల్ల కింద ఉంటేనే బొంత, అని కుట్టినవి కుట్టినట్టు పంపించేసేది, ఇంట్లో పిల్లల బొంతలేమో వాడీ వాడీ పీలికలైపోయాయి. ఆఖరిది కూడా ఆర్డరే, ఎవరికో మాటిచ్చింది కదా అని తనే పూర్తిచేసి, తనే మడతపెట్టి, తనే అట్టపెట్టెకి టేపు వేసింది. ఆ టేపు చప్పుడు ఇప్పటికీ చెవుల్లో ఉంది. ఊళ్ళో ఎంతమంది పిల్లల కింద అత్తయ్య ఉందో, మా ఇంట్లో తప్ప అనుకుంది, కళ్ళు తుడుచుకుంది, వేణువు తెగింది, మీ కాల్ మాకు చాలా ముఖ్యం.

ఎప్పుడు వెళ్ళిందో చెయ్యి, పార్సిల్ చిరుగులోంచి లోపలికి వెళ్ళింది. వేళ్ళకి పనిలేకపోతే అంతే, గుడ్డ కనిపిస్తే అంచు వెతుక్కుంటాయి. మూల దొరికింది, అంచు దొరికింది, గోరు దానంతటదే కుట్టు మీద జారింది, జారవలసిన వైపు జారలేదు. గీరుకుంది. మరక గట్టిపడి ఉంటుందిలే అనుకుని ఇంకాస్త ముందుకు పోనిచ్చింది. మళ్ళీ గీరుకుంది. వేలు వెనక్కి తిప్పి అటు నుంచి ఇటు లాగింది, వెన్న మీద లాగినట్టు పోయింది. అటు నుంచి ఇటా? తన కుట్టు ఇటు నుంచి అటు వాలుతుంది, అక్క కుట్టూ అంతే, ఇంట్లో ఇద్దరివీ కుడిచేతులే, కుడిచేత్తో కుట్టింది కుడికే వాలుతుంది, ఎడమకి వాలాలంటే, ఎడమకి వాలాలంటే సూది పట్టిన చెయ్యి... వేళ్ళకి ముందే తెలిసింది, తలకి ఎక్కడానికే ఆలస్యమైంది. వేణువు పాడుతూనే ఉంది. వేలు పైకెత్తలేదు, ఎత్తితే పోతుందేమోనని భయం, కలలో డబ్బులు దొరికినవాడు గుప్పిలి విప్పనట్టు అలాగే ఉంచి కూర్చుంది. అత్తయ్యా, అంది, పైకే అంది.

తర్వాత చించింది. కవరంతా రెండు చేతులా చించి బొంతని బల్ల మీద పరిచింది, ఎండలో. పాతది. ఉతికి ఉతికి నీరుగారిన రంగులు, మధ్యలో మరక, చుట్టూ అంచు, తనకింకా అంచు కుట్టు రాని రోజులది, అంచు పొడవునా ఎడమకి వాలిన కుట్టు, ఒక్కటి తప్పు లేకుండా, బళ్ళో పంతులు కొట్టినా ఆగని కుట్టు. ఇంకా వెతికింది, కళ్ళు పడవ పడవకీ పరుగెత్తాయి, అదిగో, మూల పడవ, దాని తెరచాప లేతనీలం చారల గుడ్డ, అందులో ఓ చోట నలుచదరంగా ముదురు నీలం. జేబు ఊడదీసిన చోటు! ఆయన మొదటి ఉద్యోగానికి వేసుకెళ్ళిన చొక్కా, ఎండకి చొక్కా వెలిసింది గాని జేబు కింద వెలవలేదు, జేబు విప్పి తెరచాప కోస్తుంటే తనే అంది, అత్తయ్యా ఆ మచ్చ కనపడుతుంది అని, కనపడనీ, పడవకి కిటికీ, అంది అత్తయ్య. ఆ చొక్కాలోంచి ఒక్క తెరచాపే వచ్చింది, మిగతాది చీకిపోయింది. ఆ ఒక్క తెరచాప ఇదిగో. అప్పుడు అర్థమైంది ఒంటిచుక్క చేసిన నిర్వాకం, అంతా ఒక్కసారే. పెద్దపిల్లకి ఎప్పుడో ఇక్కడే పడవల బొంత కొని ఉంటుంది. ఇప్పుడు రెండోపిల్లకి కొత్తది తెప్పించుకుంది. కొత్తది ఇంట్లో పెట్టుకుని, పెద్దపిల్ల పాతది అదే కవర్లో పెట్టి, ఇదే నాకు పంపారు అని వెనక్కి తోసింది. అచ్చు ఒకటే కదా, కుట్టినవాళ్ళకి మాత్రం ఏం తెలుస్తుందిలే అనుకుంది. అబద్ధమాడినా అతికినట్టుండాలి అనేది అత్తయ్య, ఓసి పిచ్చిదానా, అతుకుల వాళ్ళ దగ్గరికే అతకని అబద్ధం తెచ్చావే! "అక్కా!" అని కేకేసింది, కత్తెర ఆగింది, తోటికోడలు పరుగెత్తుకొచ్చి, బొంత చూసి, చిన్నకోడలి మొహం చూసి, చిన్నకోడలు చూపిన చోట అంచు మీద వేలు పెట్టి, కుర్చీలో కూలబడిపోయింది. ఇద్దరూ ఏడుస్తున్నారో నవ్వుతున్నారో, ఎదురు మేడ మీద బట్టలు ఆరేసే ఆవిడ ఆగి మరీ చూసింది.

ఇప్పుడు వేణువు తెగితే చాలు ప్రాణం పోయినట్టే ఉంది. ఇందాక ఎత్తితే ఎత్తారు లేకపోతే లేదు అనుకున్న ఫోనే, ఇప్పుడు బతిమాలింది, తల్లీ లైను కొయ్యకు, ఛార్జింగు ఎర్రగీత మీదకొచ్చింది, అక్క ఛార్జరు తెచ్చింది, తీగ బల్లదాకా అందలేదు, ఇద్దరూ కలిసి బల్లనే ప్లగ్గు దగ్గరికి ఈడ్చారు, బొంతతో సహా, ఎండతో సహా అనిపించింది. బతిమాలుకుందామనుకున్న మాటలన్నీ, అయ్యా అమ్మా అనే మాటలన్నీ, ఎటు పోయాయో ఒక్కటీ లేదు. నోట్లో ఉన్నదల్లా ఒకటే మాట, చూడండి. వేణువు తెగింది.

"నమస్తే మేడమ్, మీకు ఎలా సాయపడగలను?" అంది ఓ అమ్మాయి గొంతు, అలిసిపోయిన గొంతు, పొద్దున్నుంచి ఎన్ని తిట్లు తిందో పాపం.

"అమ్మా, మీరు అన్నం తిన్నారో లేదో గాని, ఒక్కటి చూసిపెట్టండి. ఈ కొన్నావిడ ఇంతకుముందు మా దగ్గర పడవల బొంత ఎప్పుడైనా కొన్నారా?"

అవతల మీటలు టకటకలాడాయి. అక్క ఫోన్ మీదకి వంగింది. "కొన్నారు మేడమ్. చాలా ఏళ్ళ కిందట. ఇదే అకౌంటు. అయిదు స్టార్లు ఇచ్చారు కూడా. పాప ఫోటో పెట్టారు."

"ఆ ఫోటోలో మూల పడవ కనిపిస్తోందా? తెరచాప నీలం చారలదా?"

"ఒక్క నిమిషం, పెద్దది చేస్తాను. ఆఁ, పాప కాలు పక్కన. మధ్యలో నలుచదరంగా ఏదో మచ్చలా ఉంది."

"అది మా ఆయన చొక్కా జేబమ్మా," అంది చిన్నకోడలు. బల్ల మీది మూలని ఫోటో తీసి అక్కడికక్కడే పంపింది. తర్వాత ఆ అమ్మాయి నెమ్మదిగా, కాగితం మీది మాటలు పక్కన పెట్టి మాట్లాడినట్టు, "అయ్యబాబోయ్," అంది. "రెండూ ఒకటే మేడమ్. అప్పుడు కొన్నదే ఇప్పుడు వెనక్కి పంపారు." ఆ రివ్యూ తీసేస్తున్నానంది. కొట్టు ఎక్కడికీ పోదంది, వాళ్ళకి డబ్బు వెనక్కి వెళ్ళదంది. అక్క రెండు చేతులూ పైకెత్తి గదిలో ఓ చుట్టు చుట్టింది, కత్తెర ఇంకా చేతిలోనే ఉంది, ఎవరైనా చూస్తే పారిపోయేవాళ్ళు. దొంగే దొంగా దొంగా అని అరిచింది, చివరికి తన గంప తనే మోసుకొచ్చి గుమ్మంలో దించింది, అత్తయ్యా విన్నావా, నీ పేరు నీకొచ్చేసింది అనుకుంది చిన్నకోడలు.

"ఇంకొక్క విషయం మేడమ్," అంది అమ్మాయి. "మీరు పంపింది ఇది కాదని తేలింది కాబట్టి, రూలు ప్రకారం ఇది ఆవిడ వస్తువు. మా మనిషి వస్తాడు, ప్యాక్ చేసి ఇచ్చెయ్యండి."

ఇచ్చెయ్యండి. చెయ్యి చప్పున బొంత మీద పడింది, తెలియకుండానే. ఇచ్చెయ్యడమేంటి, ఎవరికి, మళ్ళీ టేపు వెయ్యడమా, మళ్ళీ ఆ చప్పుడా. నాది అని అనేస్తే? నాది అంటే నేను పంపిన పాతదే అయిపోతుంది, అప్పుడు మోసగత్తెని నేనే, కొట్టు పోతుంది, పేరు పోతుంది. నాది కాదంటే అత్తయ్య పోతుంది. పేరు ఉండాలంటే చెయ్యి పోవాలి, చెయ్యి ఉండాలంటే పేరు పోవాలి, ఇదేం బేరం. అత్తయ్య అయితే ఏమనేది? కుట్టు తప్పుపడితే విప్పు, అబద్ధం కుట్టకు, అనేది, ఇంకేమంటుంది. "నాది కాదమ్మా," అంది, మాట మింగుడుపడకపోయినా అంది. "ఆవిడదే. కానీ ఒక్కసారి అడిగి చూడండి. నేను పంపిన కొత్తది ఆవిడనే ఉంచుకోమనండి, ఊరికే, డబ్బులు నేను వెనక్కిచ్చేస్తాను. ఇది మాత్రం నాకు వదిలెయ్యమనండి." అక్క నోరు తెరిచింది. ఆ దొంగమొహానికి ఊరికే ఇస్తావా అనబోయింది, బొంత వైపు చూసి నోరు మూసుకుంది. అడుగుతాను, లైన్లో ఉండండి, అంది అమ్మాయి, మళ్ళీ వేణువు. ఈసారి ఆ పాట అంత చెడ్డగా లేదు, లేదూ, చెడ్డగానే ఉంది, కానీ తెగే చోట తెగకపోతే బాగుండు అనిపించింది. తెగేలోపు ఇది ఇక్కడే ఉంటుంది కదా. అంచంతా వేలితో చూసుకుంది, ఓ మూల నుంచి ఇంకో మూలకి, ఎక్కడ దారం ముడివేసిందో, ఎక్కడ కొత్త దారం ఎత్తుకుందో, ఇక్కడ లేచి కాఫీ తాగి వచ్చినట్టుంది, ఇక్కడ కుట్టు కాస్త పొడుగు, ఎవరినో తిడుతూ కుట్టి ఉంటుంది. ఇస్తుంది ఒంటిచుక్క, ఎందుకివ్వదు, ఇవ్వకపోతే? తప్పుకోవే, పెద్దవాళ్ళొస్తున్నారు.

వేణువు తెగింది. "మేడమ్," అంది అమ్మాయి, నవ్వు ఆపుకుంటోందని తెలిసిపోతోంది. "మీ బేరం దాకా రానేలేదు. ఆ పాతది వెనక్కి పంపుతున్నాం అన్నాను, అంతే. అది నాది కానే కాదు అని గట్టిగా అరిచారు. ఎప్పుడూ చూడలేదట. వాళ్ళింట్లో అలాంటిది లేనే లేదట."

"ఫోటో ఉందని చెప్పలేదా?"

"చెప్పాను. ఇంకా గట్టిగా అరిచారు. తీసుకోనని ఒట్టేశారు. రికార్డయింది మేడమ్. కాదన్నవాళ్ళకి మేం బలవంతంగా ఇవ్వలేం, మా గోదాముకి వస్తే మాకు అది చెత్త. మీరే ఉంచుకోండి."

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకోవడం ఇన్నాళ్ళూ సామెతే అనుకుంది. తన అబద్ధాన్ని కాపాడుకోవడానికి ఒట్టేసి మరీ అత్తయ్యని తన చేతిలో పెట్టింది ఆ మహాతల్లి, అడక్కుండానే, ఊరికే, పార్సిల్ ఖర్చులు కూడా తనే పెట్టుకుని. చల్లగా ఉండాలి, ఆవిడా, ఆవిడ ఇద్దరు పిల్లలూ, ఆ కొత్త బొంతా, నిజంగానే అనుకుంది, కోపం వెతికితే దొరకలేదు. అమ్మాయితో, "త్వరగా అన్నం తినమ్మా," అంది. గొంతు మారింది, ముఖ్యమైన కాల్ గొంతే మళ్ళీ, మా సేవ మీకు నచ్చితే ఒకటి నుంచి అయిదు స్టార్ల వరకు నొక్కండి, అంది. ఓహో, ఆ పిల్లనీ చుక్కల మీదే బతికిస్తున్నారా. అయిదు నొక్కింది. నొక్కింది ఎడమచేతి బొటనవేలితో, కుడిచెయ్యి బొంత వదల్లేదు.

"ఏమంది, చివరికి ఏమంది?" అంది పెద్దకోడలు, మీదమీదకొచ్చి. "ఇంతకీ ఎవరిదని తేల్చారు?"

"మనది కాదట," అంది చిన్నకోడలు. "ఆవిడదీ కాదట."

"మరెవరిదట?"

చిన్నకోడలు బొంతని ఎత్తి, మరకతో వాసనతో సహా, ఒళ్ళోకి తీసుకుంది.

"అత్తయ్యది," అంది.

పెద్దకోడలు కత్తెర కింద పెట్టి, రెండో అంచు పట్టుకుని పక్కన కూర్చుంది.